పడవలో గ్యాసు పొయ్యి: అడుగు చూశాకే అగ్గిపుల్ల



ఎప్పుడూ వంటింటి గ్యాసు గురించే చెప్పుకుంటాం. ఈసారి పడవలో పెట్టుకున్న గ్యాసు పొయ్యి గురించి చెప్తాను. "యాదగిరిగుట్టలో ఉండేదానికి పడవ ముచ్చట ఎందుకు?" అని నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది మన వంటింటి ముచ్చటేనని మీకే తెలుస్తుంది.

పోయిన వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకొని మా చెల్లెలింటికి వెళ్లాను. వాళ్లుండేది నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున. మరిది చేపలు పడతాడు. పొద్దుగూకే వేళ వలలు వేసి, తెల్లవారుజామున తీస్తారు. రాత్రంతా నీళ్ల మీదనో, నీళ్ల నడుమ తేలిన గుట్టల మీదనో గడపాలి. ఇన్నాళ్లూ ఒడ్డున మూడు రాళ్లు పెట్టి కట్టెలతో వండుకునేవాడు. వాన పడితే కట్టెలు తడిసేవి, ఆ పూట పస్తు. చూడలేక మా చెల్లెలు దాచుకున్న డబ్బుతో 5 కిలోల చిన్న సిలిండరు, ఒంటి బర్నరు పొయ్యి కొనిచ్చింది. వాటిని పడవ లోపల, పలకల మీద, టార్పాలిను కప్పిన భాగంలో పెట్టుకున్నాడు. సంసారం బాగు కోరి చేసిన పనే. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

వల తీయడం చూస్తామని పిల్లలు గొడవ చేస్తే తెల్లవారి అయిదింటికే అందరం ఒడ్డుకు వెళ్లాం. పిల్లలు ముందే ఎక్కి కూర్చున్నారు. నేను ఎక్కి, టిఫిను డబ్బా కింద పెడదామని వంగాను. గుప్పుమని గ్యాసు వాసన! లేచి నిలబడితే వాసన లేదు. మళ్లీ వంగితే ఉంది. అంతలో మరిది మోటరు తాడు గుంజడానికి చెయ్యి వేశాడు.

"ఆగు! మోటరు ముట్టకు!" అని అరిచాను.

"ఏం గాదు వదినే. ఇంత గాలి కొడుతుంటే గ్యాసు ఏడుంటది?" అన్నాడు.

నేను వినలేదు. పిల్లల్ని చెయ్యి పట్టి ఒడ్డుకు దింపాను. టార్చి కూడా వెయ్యనివ్వలేదు. టార్పాలిను తీసేసి, రెగ్యులేటరు మూసి, అడుగు పలకలు ఒక్కొక్కటి లేపి, గాలి తగిలేలా పడవను వదిలేశాం. వాసన పూర్తిగా పోయేసరికి ఎండ వచ్చింది. ఆరా తీస్తే సంగతి బయటపడింది. రాత్రి చాయ పెట్టుకున్నాడు. గాలికి మంట ఆరిపోయింది. "ఆరింది గదా" అనుకొని గిన్నె దింపి పడుకునేందుకు ఒడ్డుకు వచ్చేశాడు. నాబు సగం తిరిగే ఉంది, రెగ్యులేటరు తెరిచే ఉంది. తెల్లవార్లూ గ్యాసు సన్నగా కారుతూనే ఉంది.

ఆ తాడు ఒక్కసారి గుంజి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు వణుకుతాయి.

పడవ అంటే ఒక గిన్నె

మరిది అడిగిన ప్రశ్న చాలామందికి ఉండేదే. బయట అంత గాలి ఉన్నప్పుడు గ్యాసు ఎట్లా నిలుస్తుంది?

మన సిలిండర్లలో ఉండేది ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువుల మిశ్రమం. చలి దేశాల్లో పడవలకు ఎక్కువగా ప్రొపేనే వాడతారు. ఎందుకంటే సున్నా డిగ్రీల చలికి బ్యూటేను ఆవిరి కాకుండా ద్రవంగానే ఉండిపోతుంది, ప్రొపేను మాత్రం సున్నాకు 42 డిగ్రీలు కిందికి పోయేదాకా ఆవిరవుతుంది. మనకు ఆ బాధ లేదు. కానీ రెంటికీ ఒక గుణం ఉంది. ప్రొపేను గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేను రెండు రెట్లు బరువు. కారిన గ్యాసు పొగలాగా పైకి పోదు. నీళ్లలాగా కిందికి జారుతుంది, పల్లం వెతుక్కుంటుంది.

ఇంట్లో అయితే గ్యాసు నేల మీద పాకి, తలుపు సందులోంచి కొంతైనా బయటికి పోతుంది. పడవకు ఆ దారి లేదు. నీళ్లు లోపలికి రాకుండా కట్టిందే పడవ. నీళ్లు లోపలికి రాలేని చోటునుంచి గ్యాసు బయటికి పోలేదు. గిన్నెలో పోసిన మజ్జిగలాగా అడుగున నిలుస్తుంది. పైన గాలి ఎంత కొట్టినా పలకల కిందికి తగలదు. మోటరు స్విచ్చు, బ్యాటరీ తీగ, బీడీ ముక్క, ఏ ఒక్క నిప్పురవ్వ అయినా చాలు.

ఎంత గ్యాసుకు ప్రమాదమో కూడా చెప్తాను. గాలిలో నూటికి రెండు వంతులు గ్యాసు కలిస్తే చాలు, అంటుకుంటుంది. సిలిండరులో గ్యాసు ద్రవంగా ఉంటుంది. బయటికి వస్తే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. అంటే ఒక గ్లాసు ద్రవం కారితే 250 గ్లాసుల గ్యాసు. అది గాలిలో కలిసి పన్నెండు వేల గ్లాసులకు పైగా అంటుకునే గాలిని తయారు చేస్తుంది. చిన్న బండే గదా అని తేలికగా తీసుకోకూడదు.

గ్యాసుకు సొంతంగా వాసన ఉండదు. కారితే తెలియాలని కంపెనీవాళ్లే మెర్కాప్టాను అనే ఘాటు వాసన కలుపుతారు. అయితే గ్యాసు అడుగున ఉంటే వాసనా అడుగునే ఉంటుంది. నిలబడిన మనిషి ముక్కుకు అందదు. పైగా చాలాసేపు ఆ వాసనలోనే ఉంటే ముక్కు మొద్దుబారుతుంది. అందుకే వంగి చూడాలి, బయటినుంచి వచ్చిన మనిషిని చూడమనాలి.

పడవలో పెట్టుకోక తప్పకపోతే

అన్నిటికంటే మంచిది ఒడ్డుకు దిగి వండుకోవడం. రాత్రిళ్లు పడవే ఇల్లయినవాళ్లకు అది కుదరదు. వాళ్లు ఇట్లా చేసుకోవాలి.

1. సిలిండరు పడవ కడుపులో ఉండకూడదు. వెనక వైపు, పైన, బయటి గాలి తగిలే చోట నిలువుగా పెట్టి తాడుతో బిగించాలి. ఎప్పుడూ పడుకోబెట్టకూడదు.

2. పెట్టెలో పెడితే ఆ పెట్టెకు పడవ లోపలి వైపు సందు ఉండకూడదు. అడుగున రంధ్రం పెట్టి, అది పడవ బయటికి, నీటిమట్టానికి పైన తెరుచుకునేట్టు చేయాలి. కారిన గ్యాసు దానంతటదే నీళ్ల మీదికి జారిపోతుంది. విదేశాల్లో చాలా పడవలకు ఇదే పద్ధతి.

3. ట్యూబు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న సురక్షా ట్యూబే వాడాలి. ఒకటిన్నర మీటరు మించకూడదు, అతుకులు ఉండకూడదు, అయిదేళ్లకు మార్చాలి. మోటరు అదురుకు ట్యూబు చెక్క అంచుకు రాసుకొని అరుగుతుంది. రాసుకునే చోటు ఉంటే ముందే సర్దాలి. మా చెల్లెలికి కొట్టతను అంటగట్టింది మామూలు రబ్బరు ట్యూబు. వంచితే పగుళ్లు కనిపించాయి.

4. పొయ్యిని కదలకుండా స్క్రూలతో బిగించాలి. గిన్నె జారకుండా చుట్టూ ఇనుప కమ్మీ ఉండాలి. మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోయే రకం పొయ్యిలు దొరుకుతాయి. ధర కొంచెం ఎక్కువైనా పడవకు అదే కొనాలి. గాలికి మంట ఆరడం నీళ్ల మీద రోజూ జరిగేదే.

5. వంట అయ్యాక ముందు రెగ్యులేటరు మూయండి. ట్యూబులో మిగిలిన గ్యాసు కాలి మంట ఆరిపోతుంది. తర్వాత నాబు మూయండి. ఇది ఇంట్లో కూడా మంచి అలవాటు.

6. మోటరు వేసే ముందు పలక లేపి, వంగి, ముక్కుతో చూడాలి. వాసన ఉంటే మనుషులను ముందు దింపాలి. మోటరు, టార్చి, సెల్‌ఫోను, బీడీ ఏదీ ముట్టకూడదు. ఒడ్డు మీద దూరంగా వెళ్లాక 1906 నంబరుకు ఫోను చేయవచ్చు. గ్యాసు లీకు కోసం పెట్టిన అత్యవసర నంబరు అది.

7. చలికి కప్పు మూసుకొని, పొయ్యి వెలిగించుకొని పడుకోవద్దు. గాలి చాలక మంట సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

8. లీకు చూడడానికి అగ్గిపుల్ల గీయకండి. సబ్బు నురగ రాయండి. బుడగ లేస్తే లీకు ఉన్నట్టే.

సిలిండరు తీసుకునేటప్పుడు పై పట్టీ మీద అక్షరం, అంకె చూడండి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్నది సంవత్సరం. ఆ గడువు దాటిన బండను తీసుకోకండి. నీళ్ల మీద తేమకు అడుగు చక్రం త్వరగా తుప్పు పడుతుంది, అదీ తిప్పి చూడండి. పెద్ద బండలోంచి దొంగచాటుగా నింపి అమ్మే చిన్న సిలిండర్లు చవక అని కొనకండి. గ్యాసు కంపెనీల 5 కిలోల సిలిండర్లు ఏజెన్సీల్లో గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు.

ఇంగ్లండులో కాలువల మీద పడవనే ఇల్లు చేసుకొని బతికేవాళ్లున్నారు. వాళ్లు నాలుగేళ్లకోసారి పడవను తనిఖీ చేయించి సర్టిఫికెట్టు తీసుకోవాలి. ఆ తనిఖీలో గ్యాసు అమరికనూ చూస్తారు. మనకు అడిగేవాళ్లు లేకపోతే మనమే అడుగుకోవాలి.

షికారుకు వెళ్లేవాళ్లకు

సాగర్ నుంచి శ్రీశైలానికి, సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీలో పోవడం ఇప్పుడు చాలామందికి సరదా. పాపికొండలు సరేసరి. 2018 మే నెలలో పాపికొండలకు యాత్రికులతో వెళ్తున్న బోటుకు గోదావరిలో మంటలు అంటుకున్నాయి. బోటును ఒడ్డుకు చేర్చడంతో ప్రాణాలు దక్కాయి. నేల మీద మంట వస్తే పరుగెత్తుతాం. నీళ్ల మీద ఎటు పరుగెత్తాలి? లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్టు వేసుకోండి. మనం మాత్రం సంచిలో చిన్న పొయ్యి, బండ పెట్టుకొని ఎక్కకూడదు. పిల్లలకు పాలు కావాలంటే ఫ్లాస్కు చాలు.

నీళ్లు లేని పడవలు

ఇక మన ఊరి ముచ్చట. స్వామి దర్శనానికి మా గుట్టకు వ్యాన్లలో, డి.సి.ఎం.లలో కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. గిన్నెలు, బియ్యం, గ్యాసు బండ అన్నీ వెంటే. వాన పడితే వ్యాను తలుపులు మూసుకొని లోపలే చాయ పెట్టుకునేవాళ్లను నా కళ్లతో చూశాను. గది తీసుకొని, కిటికీలు వేసి, మంచం పక్కనే పొయ్యి వెలిగించేవాళ్లూ ఉన్నారు. మూసిన వ్యాను, మూసిన గది, రైలు పెట్టె, ఇవన్నీ నీళ్లు లేని పడవలే.

2023 ఆగస్టు 26న మదురై స్టేషను దగ్గర నిలిపి ఉంచిన యాత్రికుల రైలు పెట్టెలో ఏమైందో గుర్తుందా? ఉత్తరప్రదేశ్ నుంచి తీర్థయాత్రకు వచ్చినవాళ్లు. రైల్లో గ్యాసు సిలిండరు తేకూడదని నిషేధం ఉన్నా రహస్యంగా తెచ్చుకున్నారు. తెల్లవారుజామున చాయ కోసం వెలిగించబోతే పెట్టె అంటుకొని 9 మంది చనిపోయారు. వాళ్లూ మనలాగే దేవుడి కోసం బయలుదేరినవాళ్లు.

అందుకని వ్యానులో బండ తెచ్చుకుంటే నిలువుగా కట్టి, రెగ్యులేటరు విప్పి, మూత బిగించి తీసుకురండి. దిగాక వండుకోవడానికి అనుమతి ఉన్న ఖాళీ స్థలంలోనే వండండి. ఇంట్లో అయితే వంటగదికి కింద కూడా గాలి పోయే దారి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. పైన ఎగ్జాస్టు ఫ్యాను ఉందని ధీమా వద్దు. గ్యాసు కారినప్పుడు ఆ స్విచ్చు కూడా వేయకూడదు. సిలిండరును గుంటలో, సెల్లారులో, మూసిన అరలో దాచకండి.

మా మరిది ఇప్పుడు సిలిండరును పడవ వెనక్కు మార్చాడు, ట్యూబు కూడా మార్చాడు. అయినా మా చెల్లెలికి ధైర్యం చాల్లేదు. "అక్కా, ఎక్కువ రోజులు సద్ది కట్టే పంపిస్తున్నా. వాన ఉన్ననాడే పొయ్యి" అని చెప్పింది. పడవకైనా, ప్రయాణానికైనా పొయ్యి అవసరం లేని ఆ సద్ది ఇదిగో.

సర్వపిండి

రెండు కప్పుల బియ్యప్పిండిలో రెండు చెంచాల నువ్వులు, గుప్పెడు వేయించి పలుకుగా దంచిన పల్లీలు, గంటసేపు నానబెట్టిన రెండు చెంచాల శనగపప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కరివేపాకు, దంచిన నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, సరిపడా కారం, ఉప్పు వేసి నీళ్లతో ముద్ద కలపాలి. మందపాటి గిన్నెకు లోపల నూనె రాసి, ముద్దను పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్న సెగ మీద కాల్చాలి. అంచులు ఎర్రబడితే దింపాలి. రెండోసారి ఒత్తే ముందు గిన్నె చల్లారనివ్వండి, లేకపోతే చెయ్యి కాలుతుంది. పొద్దున చేస్తే రాత్రిదాకా బాగుంటుంది. పెరుగన్నంలోకీ బాగుంటుంది.

దింపాక రెగ్యులేటరు మూశారా? ఒక్కసారి లేచి చూసి రండి.