చేయి తిరిగినంతలో నిప్పు లొంగదు

‘‘అలవాటున్నవాడు బాబాయ్, ఏం కాదు.’’ తుళ్లూరు చుట్టుపక్కల ఊళ్లలో వినాయకుడి నిమజ్జనానికో, అమ్మవారి కొలుపులకో, శివరాత్రి తిరునాళ్లకో వెళ్లి, కర్రకు రెండు కొసలా మంట పెట్టి తిప్పే కుర్రాణ్ని చూసి మీరు కంగారు పడితే పక్కవాళ్లు చెప్పే ధైర్యం ఇదే. కమిటీ పెద్దలదీ ఇదే మాట, మేళం గురువులదీ ఇదే మాట. చివరికి కాలిన చేతికి గుడ్డ కట్టుకున్న కుర్రాడు కూడా ఇదే అంటాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంతగా స్థిరపడిపోయిన ఈ నమ్మకాన్ని నేను ఒప్పుకోను. మన పిల్లల ఒళ్లు కాలుతున్నది నిప్పు వల్ల ఎంతో, ఈ మాట వల్ల అంత.

సాముకున్న విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కర్రసాము పట్టినవాడు ముందు ఉత్త కర్ర తిప్పుతాడు. మణికట్లు వాచి, మోచేతులు కమిలి, కర్ర కొస ఏ క్షణాన ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలిసేదాకా తిప్పుతాడు. ఆ తర్వాతే మంచి గురువు కొసలకు గుడ్డ చుట్టనిస్తాడు. ఆ సాధన నిజమైనది, గొప్పది. కానీ అది నేర్పేది కర్ర సంగతి. పెట్రోలు ఆవిరి ఎటు పాకుతుందో, పాలిస్టర్ చొక్కా అంటుకుంటే ఒంటికి ఏమవుతుందో, కాలిన వెంటనే ఏం చేయాలో కర్ర చెప్పదు. అది వేరే చదువు. మన పత్తి చేలల్లో ముప్పై ఏళ్లుగా మందు కొడుతున్న రైతు సైతం గాలి ఎదురు తిరిగితే కళ్లు తిరిగి గట్టు మీద పడిపోతాడు. పంపు పట్టడంలో ఆయనకున్న అనుభవం ఆ విషాన్ని ఆపలేదు.

ఆట మొదలయ్యే ముందు ఒకసారి మేళం వచ్చిన వ్యాను వెనక్కి వెళ్లి చూడండి. సగానికి కోసిన నీళ్ల సీసాలో పెట్రోలు ఉంటుంది. కర్ర కొసలకు పాత నూలుచీర పీలికలు చుట్టి, సెంట్రింగ్ పనివాళ్ల బైండింగ్ వైరుతో బిగించి ఉంటారు. కొసను సీసాలో ముంచి తీసి, ఇంకా కారుతుండగానే అగ్గిపుల్ల గీస్తారు. ఆ చుక్కలు చేతిమీద, ప్యాంటు మీద, నేలమీద పడి ఉంటాయి. సీసా మూత లేకుండా కాళ్ల దగ్గరే ఉంటుంది. మొదటి విడత అయిపోయాక, మంట ఆరిన కొసను సెగ తగ్గకముందే మళ్లీ అదే సీసాలో ముంచుతారు. బరిలో కర్ర చేజారడం కంటే పెద్ద ప్రమాదాలు ఈ వ్యాను చాటునే, ఎవరూ చూడనప్పుడే తయారవుతున్నాయి.

ఎందుకో చెబుతాను. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా మండే ఆవిరిని వదులుతుంది. అంటే మన ఊళ్లో ఏ కాలంలోనైనా, మూత తీసిన ప్రతి నిమిషమూ వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేలబారున పాకి, దూరంగా వెలుగుతున్న మంటను అందుకుని, అక్కణ్నుంచి సీసా దాకా వెనక్కి అంటుకుంటూ వస్తుంది. వేడి తగ్గని కొసను సీసాలో ముంచితే ఆ వేడికే ఇంకా ఆవిరి లేస్తుంది. గుడ్డ లోపొరలో ఒక్క కణిక మిగిలి ఉన్నా సీసా మొత్తం భగ్గుమంటుంది. ఇక కారుతున్న కొసను అలాగే తిప్పితే అదనపు ఇంధనం మండే చుక్కలై జనం మీదికి చిమ్ముతుంది. ఇందులో ఏ ఒక్కటీ ఆటగాడి మణికట్టు మాట వినేది కాదు.

‘‘తరతరాలుగా ఆడుతున్నాం, మా తాతలకు లేని భయం మాకెందుకు?’’ అంటారు. తాతలు పట్టిన దివిటీ ఆముదంతోనో మరో గానుగ నూనెతోనో వెలిగేది. ఆముదం అంటుకోవాలంటే 200 డిగ్రీల వేడి దాటాలి. అది ఒలికితే జారుడు, పెట్రోలు ఒలికితే మంట. తాతలు కట్టింది నూలు పంచె. అదీ కాలుతుంది గానీ కరగదు, లాగేస్తే ఊడివస్తుంది. ఇవాళ ఆటగాడికి తొడిగే తళుకుల చొక్కా పాలిస్టరుది. అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది, లాగితే చర్మంతో సహా వస్తుంది. పత్తి పండించే నేలమీద పుట్టిన బిడ్డకు మంట ముందు నిలబడేటప్పుడు మందపాటి నూలు చొక్కా దొరకకపోవడం మనందరికీ సిగ్గుచేటు. తాతలు ఆడింది ఊరి బయట బీటిలో. ఇప్పుడు ఆడేది ఫ్లెక్సీలు, పందిరి గుడ్డలు, డీజే బండి, జనరేటరు, కరెంటు తీగల మధ్య. తిరునాళ్ల రోజులకే కళ్లాల్లో మిరపకాయ ఎండుతుంటుంది, ఇళ్ల పక్కన పత్తికట్టె వాములు వేసి ఉంటాయి. తాతల దగ్గర్నుంచి మనకు వచ్చింది తిప్పుడు ఒక్కటే. దాని చుట్టూ ఉన్న లోకమంతా మారిపోయింది. ఆనవాయితీ ఎవరికీ రక్షణ కాదని 2016 ఏప్రిల్ 10న కేరళలో కొల్లం దగ్గరి పరవూరు పుట్టింగల్ గుడి చెప్పింది. ఏటా జరిగే బాణసంచా పోటీలోనే ఆ రాత్రి నూరుమందికి పైగా పోయారు.

‘‘సరే, పెట్రోలు వద్దు, కిరోసిన్ వాడతాం’’ అనేవారు కొంత నయం. పెట్రోలుతో ఆడకూడదు, ఇందులో రెండో మాట లేదు. అయితే కిరోసిన్ కూడా సుమారు 38 డిగ్రీల దగ్గర్నుంచే మండే ఆవిరిని వదలడం మొదలుపెట్టవచ్చు. మన ప్రాంతంలోనే ఉన్న రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఊరు. మే నెలలో ఈ మైదానమంతా 40 దాటుతుంది. పొద్దంతా ఎండలో నిలబడ్డ వ్యానులోని డబ్బా లోపల వేడి ఇంకా ఎక్కువ. కాబట్టి కిరోసిన్ డబ్బా నీడలో ఉండాలి, మూత బిగించి ఉండాలి, బరికీ జనానికీ దూరంగా ఉండాలి. ముంచిన కొసను ఖాళీ డబ్బాలో దులిపి, పిండి, చేతులు తుడుచుకున్నాకే వెలిగించాలి.

నోట్లో కిరోసిన్ పోసుకుని మంట ఊదే ఆట గురించి నా మాట ఇంకా కఠినం. అది మానేయాలి. పెదవి కాలడం కంటికి కనిపించే ప్రమాదం. కనిపించనిది ఊపిరితిత్తుల్లో ఉంటుంది. కిరోసిన్ చాలా పలచన. పొలమారిన ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లో దూరం దాకా పాకి వాపు తెస్తుంది. దీనికి వైద్యులు ‘ఫైర్ ఈటర్స్ లంగ్’ అని పేరే పెట్టారు. ఆట అయిన కొన్ని గంటలకు దగ్గు, జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం మొదలవుతాయి. కుర్రాడు జలుబు చేసిందనుకుని పడుకుంటాడు. అలాంటివాణ్ని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, కిరోసిన్ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మింగినా సరే, బలవంతంగా కక్కించకూడదు. కక్కేటప్పుడు అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. చప్పట్ల కోసం పదహారేళ్ల పిల్లాడి చేత ఈ పని చేయించే హక్కు ఏ గురువుకూ లేదు.

‘‘అమ్మవారు చూసుకుంటుంది’’ అనే భక్తులకు గౌరవంగానే జవాబు చెబుతాను. వీరభద్రుడి సంబరాల్లో, పీర్ల పండుగలో నిప్పుల గుండం తొక్కించే పెద్దల్ని గమనించండి. కట్టె పూర్తిగా కణికలయ్యేదాకా ఆగుతారు. కణికల్ని చదును చేస్తారు, జనాన్ని వెనక్కి జరుపుతారు, దిగినవాణ్ని నిలబడనివ్వకుండా నడిపిస్తారు. భక్తి ఉన్నచోటే జాగ్రత్తా ఉంది. జాగ్రత్త పడితే నమ్మకం తక్కువైనట్టు అని అక్కడ ఎవరూ అనరు. దేవుడి పేరు చెప్పి పెట్రోలు సీసా మూత తెరిచి ఉంచడం ఏ ఆచారంలోనూ లేదు.

‘‘ఇన్ని షరతులు పెడితే ఆటలో మజా పోతుంది’’ అనే వాదన అన్నిటికంటే బలహీనం. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమోవా నర్తకుడు లెటూలీ ఓలో మిసిలాగి తమ జాతి కత్తినాట్యానికి తొలిసారి మంట జోడించాడు. ఆ ఊహ ఆయనకు ఒక హిందూ ఫైర్ ఈటర్‌ను చూశాకే తట్టిందంటారు. ఆ నాట్యానికి ఇవాళ హవాయిలో ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. అదే అమెరికాలో జనం ముందు మంట వాడే ప్రదర్శనలకు ఎన్‌ఎఫ్‌పీఏ 160 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. నియమం వల్ల ఆ కళ చావలేదు. కాలిపోయిన ఆటగాడి ఇంట్లో తమ్ముడు కర్ర పట్టడు, వాళ్ల అమ్మ పట్టనివ్వదు. కళ చచ్చేది అక్కడ.

పోలీసులతో నిషేధం పెట్టిస్తే సరిపోతుందనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. నిషేధిస్తే ఆట సందుల్లోకి, చీకట్లోకి పోతుంది. అక్కడ నీళ్ల బకెట్ కూడా ఉండదు.

చేయవలసినది కష్టమైన పనేమీ కాదు. ప్రతి ఆటకూ తిప్పకుండా కేవలం కాపు కాసే మనిషి ఒకడు ఉండాలి. పిండిన తడి నూలుదుప్పటి చేతిలో పట్టుకుని, ఆటగాడి మీంచి చూపు తిప్పకుండా, మందు ముట్టకుండా నిలబడటమే అతని పని. ఫోనులో వీడియో తీసేవాడు ఆ పనికి పనికిరాడు. వెలిగించే ముందు వైరు బిగింపు లాగి చూడాలి. జనానికీ బరికీ మధ్య తాడు కట్టి, కనీసం 20 అడుగుల ఎడం ఉంచాలి. గాలి ఎక్కువగా ఉంటే ఆట ఆపాలి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా, ముఖం చేతులతో కప్పుకుని కిందపడి దొర్లడం మంట లేకుండానే పదే పదే సాధన చేయించాలి. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయడం మానాలి. 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి, ఐసు పెట్టకూడదు. వాపు రాకముందే కడియం, ఉంగరం తీయాలి, అతుక్కున్న గుడ్డను లాగకూడదు. 108కి, అవసరమైతే 101కి ఫోన్ చేయవలసిన మనిషి ఎవరో ముందే అనుకోవాలి.

వీటికయ్యే ఖర్చు డీజేకు పోసే డబ్బులో ఒక మూలకు రాదు. అది మేళం నెత్తిన పెట్టకూడదు. రాత్రంతా ఆడి కూలిడబ్బులు పంచుకునే కుర్రాళ్లు దుప్పట్లకూ నూలు బట్టలకూ ఎక్కణ్నుంచి తెస్తారు? ఆట పెట్టించినవారే భరించాలి. చవితికి బేరం మాట్లాడేటప్పుడే ఈ షరతులూ మాట్లాడుకోవాలి. వీటికి ఒప్పుకోని మేళానికి కమిటీ అడ్వాన్సు ఇవ్వకూడదు. ఒప్పుకోని కమిటీ ముందు ఏ గురువూ తన శిష్యుడి చేతికి నిప్పు ఇవ్వకూడదు.