సరదాకే అన్నాడట!

స్త్రీలపై హింస గురించి చర్చించేటప్పుడు మనం సినిమాల్నీ, సీరియళ్ళనీ, వ్యాపార ప్రకటనల్నీ లెక్కలోకి తీసుకుంటాం. వీడియో గేము ఆడుతూ జోకులు వేసే కుర్రాడి ఛానెల్‌ని మాత్రం పిల్లల వ్యవహారమని వదిలేస్తున్నాం. అలా వదిలేయడం సరికాదని నా అభిప్రాయం. డిగ్రీ కాలేజీల్లో నేను మాట్లాడిన పిల్లల్లో చాలామంది రోజూ చూసేది సినిమాలు కాదు, ఇవే.

ఈ తరహాకి పెద్ద ఉదాహరణ ప్యూడీపై. ఫెలిక్స్ షెల్‌బెర్గ్ అనే స్వీడన్ యువకుడు 2010లో ఈ పేరుతో యూట్యూబ్‌లో ఛానెల్ మొదలుపెట్టాడు. భయపెట్టే గేములు ఆడుతూ కేకలు పెట్టడం, బూతులు తిట్టడం, మధ్యలో చూసేవాళ్ళతో స్నేహితుడిలా కబుర్లు చెప్పడం అతని పద్ధతి. 2013 ఆగస్టు నాటికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ చందాదారులున్న ఛానెల్ అతనిదే అయింది. 2019 ఆగస్టులో ఆ సంఖ్య 10 కోట్లు దాటింది. ప్రేక్షకులకి అతను పెట్టుకున్న పేరు 'బ్రో ఆర్మీ'. ఆ అన్నదమ్ముల సైన్యంలో ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళకి వేరే పేరు అవసరమని ఎవరికీ తోచలేదు.

మొదటి రోజుల్లో అతని జోకుల్లో అత్యాచారం మాట తరచుగా దొర్లేది. అభ్యంతరాలు వచ్చాయి. 2012 అక్టోబరులో, ఇక ఆ జోకులు వెయ్యననీ, ఎవరినైనా బాధపెట్టి ఉంటే క్షమించమనీ అతను ప్రకటించాడు. ఇది మనం గుర్తుంచుకోవలసిన విషయం. పోలీసులు రాలేదు, కోర్టు పిలవలేదు. పదిమంది నిలదీస్తే మానాడు. 'హాస్యాన్ని విమర్శిస్తే ప్రయోజనమేముంది' అనేవాళ్ళకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 2017 ఫిబ్రవరిలో, యూదులని కించపరిచే దృశ్యాలు పత్రికకెక్కాక డిస్నీకి చెందిన సంస్థ అతనితో ఒప్పందం తెంచుకుంది. 2018లో మన దేశపు టి-సిరీస్ చందాదారుల సంఖ్యలో అతన్ని దాటబోతుంటే, ఆ కంపెనీని వెక్కిరిస్తూ పాట కట్టాడు. పాట పేరులోనే ఆడవాళ్ళని తిట్టే మాట. మన దేశంలో దానిమీద కోపం వచ్చింది, నిజమే. అయితే ఆ కోపమంతా దేశగౌరవం చుట్టూనే తిరిగింది. కంపెనీ పిటిషన్ మీద 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ పాటని కట్టడి చేస్తూ ఉత్తర్వులిచ్చింది. ఒక మగవాడు ఒక కంపెనీని తిట్టడానికి ఆడమాట ఎందుకు కావలసివచ్చిందని అడిగినవాళ్ళు అరుదు. నేనొక తరగతిలో అడిగితే, 'ఆయన తిట్టింది కంపెనీని కదా మేడమ్, ఆడవాళ్ళని కాదు కదా' అని ఒక విద్యార్థి నిజాయితీగానే అన్నాడు.

అప్పుడు మన తరఫున జవాబు పాట పాడినవాళ్ళలో ఫరీదాబాద్‌కి చెందిన క్యారీమినాటి ఒకడు. అతనిదీ గేములూ హాస్యమూ కలిసిన వృత్తే. 2020 మేలో అతను ఒక టిక్‌టాక్ కళాకారుణ్ణి ఎద్దేవా చేస్తూ పెట్టిన వీడియోని, వేధింపుల నిబంధన కింద యూట్యూబే తొలగించింది. అందులోని వెక్కిరింపు సారాంశం మన ఊళ్ళలో 'ఆడంగి' అనే మాటలో ఉన్నదే.

మనకి హాస్యం తెలియదని కాదు. బావామరదళ్ళ సరసాలు, పెళ్ళిలో వియ్యాలవారి మీద ఆడవాళ్ళు పాడే పాటలు మొరటుగానే ఉంటాయి. ఇలాంటి పరిహాసపు బంధుత్వాల గురించి రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లోనే రాశాడు. అక్కడ ఒక కట్టుబాటుంది: ఎవరు ఎవరిని అనవచ్చో అందరికీ తెలుసు, అనిపించుకున్నవాళ్ళు ఎదురుగా ఉంటారు, తిరిగి అనే హక్కు చాలాచోట్ల ఉంటుంది. (మరదలికి నిజంగా ఎంత హక్కుండేదన్నది వేరే చర్చ.) ఛానెల్ హాస్యంలో నవ్వులపాలయ్యే మనిషి ఎదురుగా ఉండదు. మైకు ఒకరి చేతిలోనే ఉంటుంది, వెనక సైన్యం ఉంటుంది, ప్రతి నవ్వుకీ ప్రకటనల డబ్బు వస్తుంది.

తెలుగులో దీని పర్యవసానం 2024 జూలైలో చూశాం. ఒక తండ్రీ, చిన్నపిల్లా ఉన్న వీడియో మీద, హాస్యం పేరుతో ఒక తెలుగు యూట్యూబరూ అతని మిత్రులూ లైంగికార్థంతో మాట్లాడుకుని నవ్వుకున్నారు. నటుడు సాయి దుర్గ తేజ్ (సాయి ధరమ్ తేజ్) బహిరంగంగా నిలదీశాక ప్రభుత్వం కదిలింది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి కొద్ది రోజుల్లోనే బెంగుళూరులో అతన్ని అరెస్టు చేసింది. పోక్సో చట్టం కూడా పెట్టారు. మంచిదే. కానీ సినిమా నటుడు నోరు విప్పకపోతే ఏమయ్యేదో ఫిర్యాదులు పట్టుకుని స్టేషన్ల చుట్టూ తిరిగిన మన కార్యకర్తలకి వేరే చెప్పాలా?

అలాగని కొత్త నిషేధాలు అడగడానికి నాకు మనసొప్పదు. ఐ.టి. చట్టంలో 66ఎ సెక్షన్ ఎవరి మీద ప్రయోగించారో మరిచిపోలేం. 2012 నవంబరులో ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు ఒక అమ్మాయినీ, దాన్ని మెచ్చుకున్నందుకు ఆమె స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. అసభ్యతని అదుపు చేసే అధికారం పోలీసు చేతికిస్తే మొదట నోరు మూతపడేది ఎవరిదో మనకి తెలుసు. పిల్లల మీద లైంగిక దాడి, బెదిరింపు, వేధింపు జరిగితే ఉన్న చట్టాల్ని ఖచ్చితంగా వాడాలి. మిగిలినదానికి 2012 నాటి పద్ధతే నాకు నచ్చుతుంది: నిలదీయడం, పేరు పెట్టి విమర్శించడం, ప్రకటనలిచ్చే కంపెనీలకి ఉత్తరాలు రాయడం.

కిశోర బాలికల శిక్షణల్లో మనం వరకట్నం, గృహహింస చట్టాలకి గంటల తరబడి సమయం ఇస్తున్నాం. ఈ వీడియోలు తెరమీద వేసి, ఎక్కడ నవ్వొచ్చింది, ఎందుకొచ్చింది అని అడిగే పూట ఒకటి చేర్చమని నా ప్రతిపాదన. ఆ పూట మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టాలా వద్దా అన్నది మన సంస్థలో ఇంకా తేలలేదు. ఆడపిల్లలు నోరు విప్పరని కొందరి భయం, అందులో నిజం లేకపోలేదు. మొదటి గంట విడివిడిగా, తర్వాత కలిపి కూర్చోబెడదామని నేనంటాను. జిల్లాల్లో ఎవరైనా ఇప్పటికే ఇలా చేసి ఉంటే, ఏం జరిగిందో రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.