మంచు కురవని తీరంలో తెల్లదనం



డిసెంబరు వచ్చిందంటే ఒకప్పుడు గ్రీటింగు కార్డుల మీద, ఇప్పుడు సెల్‌ఫోనులో వచ్చే బొమ్మల మీద ఎటు చూసినా మంచే. ఇంటికప్పుల మీద మంచు, చెట్ల కొమ్మల మీద మంచు. మైపాడు సండేస్కూలు పిల్లలు ఆ బొమ్మలు చూసి గీస్తారు, పక్కనే ఒక తాటిచెట్టును కూడా నిలబెడతారు. "అయ్యగారూ, మన ఊళ్లో మంచు ఎప్పుడు పడుతుంది?" అని అడుగుతారు. రోజూ పడుతూనే ఉంది గదా అంటే నమ్మరు.

మన వాడుకలో ఆకాశం నుండి దూదిలా రాలేదీ మంచే, తెల్లవారుజామున గడ్డి మీద నిలిచేదీ మంచే. మన తెలుగు బైబిలులో మొదటిదానికి ఎక్కువగా హిమము అన్న మాట వాడారు. 147వ కీర్తనలో దేవుడు గొఱ్ఱెబొచ్చు వంటి హిమమును కురిపించేవాడుగా కనబడతాడు. హోషేయ గ్రంథము 14వ అధ్యాయములో ఆయనే తన ప్రజలకు మంచువలె ఉంటానని మాట ఇస్తాడు. ఆ హిమము మన తీరానికి రాదు. ఈ మంచు మాత్రం మన గుమ్మం దాకా వస్తుంది.

ఈ నెలలో ఒకనాడు చీకటితోనే లేచి సముద్రం దాకా నడచి చూడండి. చాలా జిల్లాల్లో క్రిస్మస్ నాటికి కోతలు, కుప్పలు అయిపోతాయి. ఈశాన్య ఋతుపవనాల వానలను నమ్ముకొని వేసే మన నెల్లూరు వరి అప్పటికి ఇంకా పచ్చగానే ఉంటుంది. ఆకు చివర మంచుబొట్లు వేలాడుతుంటాయి. రొయ్యల గుంటల మీద పొగమంచు పరుచుకొని ఉంటుంది. సరుగుడు తోపు దాటి ఇసుకలోకి వస్తే, సూర్యుడు పైకి రాకముందు కొద్దిసేపు సముద్రమేదో ఆకాశమేదో తెలియదు. తరువాత ఒక గీత ఏర్పడుతుంది. ఆ గీత మీద పడవలు కనబడతాయి.

వేకువనే లేవడం మన మత్స్యకార కుటుంబాలకు ఎవరూ నేర్పనక్కరలేదు. గాలి ఏ వైపు తిరిగింది, నీళ్ల రంగు ఎలా మారింది అని వారు చూసినంత శ్రద్ధగా ఏ చిత్రకారుడు చూస్తాడు? అయితే అలా చూసినదాన్ని కాగితం మీద పెట్టబోతే మన ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది.

ఇటీవల ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. రొయ్యల గుంటలో తెల్లమచ్చ తెగులు తగిలి పంటంతా పోయింది. ఇంట్లో ఎవరికీ మాటలు లేవు. పదో తరగతి చదివే అమ్మాయి వసారాలో కూర్చుని నీటి రంగులతో ఆ గుంట బొమ్మనే వేస్తూ ఉంది. తండ్రి నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండి అయ్యగారూ. అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడితే దీనికి రంగులు కావాల్సొచ్చినాయి. ఇవి కూడు పెడతాయా?" అన్నాడు.

ఆ మాటను తేలికగా తీసివేయడానికి లేదు. దాని వెనుక ఆకలి భయం ఉంది. రంగులు ఈ నెల వడ్డీ కట్టవు. అది ముందుగా ఒప్పుకొనే, వాక్యములోనికి వెళ్లాలి.

నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు బెసలేలు అనే మనిషిని పేరు పెట్టి పిలిచాడు. తన ఆత్మతో నింపాడు. దేనికోసం? బంగారముతో, వెండితో, ఇత్తడితో, రత్నాలతో, కఱ్ఱతో విచిత్రమైన పని చేయడానికి. ఆ దినాల్లో ఇశ్రాయేలీయులకు పొలాలు లేవు, గోడలున్న ఇళ్లు లేవు. అరణ్యంలో డేరాల్లో ఉన్నారు. అటువంటి కాలంలో దేవుడు చేతిపనిని, అందాన్ని జ్ఞాపకం చేసుకున్నాడు. అదే అధ్యాయములో, ఆ వెంటనే విశ్రాంతిదినపు ఆజ్ఞ వస్తుంది. ప్రత్యక్షపు గుడారము పని అయినా సరే, ఏడవ దినాన ఆగవలసిందే. చేయవలసిన పనినీ, చేయక విడిచిపెట్టవలసిన దినాన్నీ ఆయన ఒక్కచోటనే చెప్పాడు.

నీటి రంగులు వేసేవారికి ఈ సంగతి చేతికి తెలుసు. నూనె రంగులతో వేసే మనిషి చివరలో తెల్లరంగు పైన పూసుకోగలడు. నీటి రంగుల్లో సాధారణంగా తెలుపు అంటే కాగితమే. అల మీది నురుగు, గుంట మీది మంచు, నీటిలో సూర్యుని మెరుపు, వీటన్నిటికీ చోటు ముందుగానే విడిచిపెట్టాలి. ఒకసారి రంగు కమ్మేస్తే మళ్లీ ఆ తెలుపు రావడం కష్టం. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుకు వెళ్లాలి. మొదటి పూత ఆరేదాకా ఆగాలి. ఈ చలి రోజుల్లో గాలిలో తేమ ఉంటుంది గనుక ఇంకా ఎక్కువసేపు ఆగాలి. తొందరపడితే రెండు రంగులూ కలిసి బురద అవుతాయి.

ఆ తండ్రితో నేను అన్నది ఇదే: "అన్నా, అప్పు నీ పగటినంతా తీసుకుంది, రాత్రి నిద్రనూ తీసుకుంది. బిడ్డ కూర్చున్న ఈ అరగంటను మాత్రం అది తీసుకోలేదు. దీన్ని మనమే చెరపవద్దు. ఇంకొక సంగతి. మనమెవరమూ కన్నెత్తి చూడలేకపోతున్న గుంటను నీ బిడ్డ చూస్తూ ఉంది." ఆయన బదులు చెప్పలేదు. రంగుల పెట్టెను లాక్కోనూ లేదు.

ఇంగ్లండులో లిలియాస్ ట్రాటర్ అనే సహోదరి ఉండేది. 1853లో పుట్టింది. 1876లో వెనిస్‌లో ఆమె నీటి రంగుల బొమ్మలను చూసిన జాన్ రస్కిన్ అనే గొప్ప కళావిమర్శకుడు ఆశ్చర్యపడ్డాడు. కళకే జీవితాన్ని ఇస్తే చాలా పెద్ద పేరు వస్తుందని చెప్పాడు. ఆమె ఆ పేరును విడిచి లండను వీధుల్లోని స్త్రీల మధ్య పరిచర్యకు వెళ్లింది. 1888లో ఆఫ్రికా ఉత్తర తీరాన ఉన్న అల్జీరియాకు వెళ్లి, 1928లో మరణించేవరకు నలభై సంవత్సరాలు అక్కడే సేవ చేసింది. ఆమె పేరును విడిచింది గాని కుంచెను విడువలేదు. పువ్వులను, ఎడారిని, మనుషులను తన దినచర్య పుస్తకాల్లో చిన్న చిన్న బొమ్మలుగా వేసుకుంటూనే ఉంది.

మన తెలుగువారిలో సంజీవదేవ్ గారు (1914-1999) గుంటూరు సీమలోని తుమ్మపూడివారు. యౌవనంలో హిమాలయాలకు వెళ్లి, కులూ లోయలో రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ వద్ద గడిపారు. నిజమైన మంచుకొండలను కళ్లారా చూసినవారు. అయినా తిరిగి సొంత పల్లెకే వచ్చి, అక్కడే ఉండి బొమ్మలు వేశారు, పుస్తకాలు వ్రాశారు. చూసే కన్ను ఉంటే పల్లె చాలునని ఆయన జీవితం చెబుతుంది.

మన సంఘాల చరిత్రలో కూడా ఒక చలికాలపు నడక ఉంది. నెల్లూరులో 1840లో ఆరంభమైన బాప్టిస్టు మిషను ఫలితం కనబడక మూతపడే స్థితికి వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే లైమన్ జూవెట్ దొరగారు, భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కారు. కింద పల్లెలు కనబడుతుండగా మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుని పంపమని అడిగారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ కొండ మీది ఉదయానికీ ఈ నది ఒడ్డుకూ నడుమ ఇరవై నాలుగు సంవత్సరాలు ఉన్నాయి. పూత ఆరేదాకా ఆగడమంటే అది.

ఈ నెలలో మీ ఇంట్లో ఇలా చేసి చూడండి. ఒక వేకువన తల్లిగాని తండ్రిగాని పిల్లలతో నడవండి. సెల్‌ఫోను ఇంట్లోనే ఉండనివ్వండి. తిరిగి వచ్చాక 147వ కీర్తన చదవండి. ఒక డ్రాయింగు కాగితాన్ని అట్టకు బిగించి, మంచినీళ్లతో తడిపి, పలుచని నీలం పైనుండి కిందికి దించండి. సూర్యుడు ఉండవలసిన చోటు ముట్టుకోవద్దు. తడి ఆరకముందే నాలుగు ఉప్పు రవ్వలు చల్లండి. ఉప్పు తన చుట్టూ ఉన్న తడిని లాక్కుంటుంది. బాగా ఆరాక దులిపితే చుక్కల్లాంటి లేత మచ్చలు మిగులుతాయి. మంచు ఎప్పుడు పడుతుందని అడిగిన పిల్లలకు అది చూపించండి.

సంఘపెద్దలకు ఒక మాట. పంట పోయిన ఇంటికి బొమ్మ బదులు కాదు. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము చెప్పినట్లు ఒకరి భారము ఒకరము మోయవలసినవారము. బియ్యంతో, చేబదులుతో, బ్యాంకు దాకా తోడు వెళ్లడంతో అది మొదలు కావాలి. అలా వెళ్లినప్పుడు, ఆ ఇంటి పిల్లలు ఏమి గీస్తున్నారో కూడా ఒకసారి అడిగి చూడండి.

హిమమును కురిపించే దేవుడు, మంచువలె దిగివచ్చే దేవుడు ఈ చలికాలంలో మీ కుటుంబాలను ఆదరించును గాక. ఆమేన్.