పెద్దమనిషిని ఎవరు పిలవాలి?
పాల్మాకుల ఊళ్లో పొలం గట్టు తగాదా వస్తే, పెద్దమనిషిని నేనే తెచ్చుకుంటానని ఒక పక్షం పట్టుబడితే రెండో పక్షం పంచాయితీలో కూర్చోదు, వచ్చేవాడు ఎంత నిక్కచ్చి మనిషైనా సరే. రాష్ట్రాన్ని ఏలినవారి మీద విచారణకు మాత్రం మనకు ఈ పట్టింపు లేదు. తెలంగాణలో కేసీఆర్ హయాంలోని ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి థర్మల్ కేంద్రాలపై 2024 మార్చిలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం జస్టిస్ ఎల్.నరసింహారెడ్డితో కమిషన్ వేసింది. ఆయన పట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినవారు, పార్టీ మనిషి అనలేం. కానీ కేసీఆర్ వివరణకు జూన్ 15 దాకా గడువిచ్చి, 11నే మైకుల ముందు కూర్చుని ఆ నిర్ణయాల మంచిచెడ్డలు మాట్లాడేశారు. అంత తొందరేమొచ్చిందో! కమిషన్‌ను రద్దు చేయాలన్న కేసీఆర్ పిటిషన్‌ను జులై 1న హైకోర్టు కొట్టేసింది; 16న సుప్రీంకోర్టు ఆ ప్రెస్‌మీట్‌నే తప్పుబట్టింది. నరసింహారెడ్డి తప్పుకున్నారు, జస్టిస్ మదన్ బి.లోకూర్ వచ్చారు. 2018లో ట్రంప్, తన ఎన్నికల్లో రష్యా జోక్యంపై సాగుతున్న ముల్లర్ దర్యాప్తును అంతకుముందే టీవీల్లో విమర్శించిన మాథ్యూ విటేకర్‌ను, ఆ దర్యాప్తునే పర్యవేక్షించే తాత్కాలిక అటార్నీ జనరల్‌గా కూర్చోబెట్టినప్పుడు అమెరికాలో రేగిన రచ్చా ఇలాంటిదే. మనిషి మారితే చాలదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం సభ్యులను నియమించేది ప్రభుత్వమే. రేపు అధికారం ఎవరిదైనా, ఆ ఎంపికను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి వదిలేయాలి.