ఆ మూడు మార్కులు ఎక్కడివి?

యాదగిరిగుట్ట మండలంలో రెండు సర్కారు బళ్లు ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ ఐదో తరగతిలో నలభై మంది చొప్పున పిల్లలు. లెక్కల పరీక్షలో ఒక బడి సగటు 52 మార్కులు, రెండోదాని సగటు 49. మొదటి బడిలో ఆ ఏడాది కొత్త పద్ధతిలో పాఠాలు చెప్పారు. ఇంకేం... పద్ధతి భేష్ అనేస్తారు ఎవరైనా!

కానీ ఆ మూడు మార్కులు పద్ధతి వల్ల వచ్చాయా, కాకతాళీయంగా వచ్చాయా? పరీక్ష రోజున చురుకైన పిల్లలు ఇద్దరు జ్వరంతో పడుకున్నా సగటు కదులుతుంది. ఈ అనుమానం తీర్చుకోవడానికే ఎం.ఎడ్. చదివేవాళ్లు తమ పరిశోధనల్లో ‘టీ-టెస్ట్’ చేస్తుంటారు. తమాషా ఏమిటంటే, ఇది పుట్టింది బడిలో కాదు... బీరు కంపెనీలో! డబ్లిన్‌లోని గిన్నిస్ కంపెనీలో పనిచేసే విలియం సీలీ గోసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో దీన్ని ప్రచురించాడు.

సగటుల మధ్య తేడా ఎంత, పిల్లల మార్కులు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయి, పిల్లలు ఎందరు... ఈ మూడింటినీ కలిపి తూచడమే టీ-టెస్ట్. నిజంగా తేడాయే లేనప్పుడు ఇంత తేడా ఊరికే కనబడే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువైతే దాన్ని ‘సార్థకం’ అంటారు. తేడా పెద్దదని దానర్థం కాదు. చాలామంది అలాగే అనుకుంటారు.

అసలు చిక్కు ఇంకోటుంది. పై ఉదాహరణలో పోల్చింది ఎనభై మంది పిల్లలను కాదు, ఇద్దరు సార్లను! ఒకే సారు దగ్గర చదివే పిల్లల మార్కులు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. ఈ సంగతి సూత్రానికి తెలియదు. అంకెలు వేస్తే జవాబు ఇచ్చేస్తుంది.

మరి ఎలా? ఒక్కో బడిని కాకుండా వందలేసి బళ్లను తీసుకోవాలి. ఏ బడికి ఏం దక్కాలో లాటరీ తీయాలి. అప్పుడు మంచి సార్లూ, మామూలు సార్లూ రెండువైపులా ఇంచుమించు సమంగా పడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో సరిగ్గా ఇదే చేశారు. ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు చేతులు కలిపాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ అధ్యయనాలు నడిపారు. పిల్లల మార్కులను బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బళ్లలో రెండేళ్లకు లెక్కల్లోనూ, తెలుగులోనూ మార్కులు పెరిగాయి. పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి వంద బళ్ల టీచర్లకు ఇస్తే మాత్రం, తనిఖీకి వచ్చినవాళ్లకు వాళ్లు చురుగ్గా కనిపించారు గానీ పిల్లల మార్కుల్లో తేడా లేదు!

అన్నిటికన్నా ఆలోచింపజేసేది గ్రాంటు సంగతి. లాటరీలో వచ్చిన వంద బళ్లకు విద్యార్థికి ఏడాదికి 125 రూపాయల చొప్పున ఇచ్చారు. పుస్తకాలు, రాతసామగ్రి వంటివి కొన్నారు. గ్రాంటు రాని వంద బళ్లతో పోలిస్తే మొదటి ఏడు మార్కులు పెరిగాయి. పరీక్షకు నిలిచిన తేడాయే. రెండో ఏడు? అంతే డబ్బు, అవే వస్తువులు... తేడా మాయం!

అక్కడితో ఆగిపోతే ‘గ్రాంటు దండగ’ అని తేల్చేసేవాళ్లే. పరిశోధకులు ఇళ్ల ఖర్చు కూడా లెక్క తీశారు. మొదటి ఏడు గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. ఎప్పటిలాగే పిల్లల చదువుకు తామూ ఖర్చు పెట్టారు. రెండో ఏటికి సంగతి తెలిసింది. బడిలో ఇస్తున్నారు కదా అని ఇంటి ఖర్చు తగ్గించుకున్నారు. పిల్లలకు అందింది మొత్తం మీద పెద్దగా మారలేదు, ఇంటి డబ్బు ఇంట్లో మిగిలింది. ఆఫ్రికాలోని జాంబియాలోనూ ఇళ్లలో ఇదే జరిగింది. రెండు దేశాల లెక్కలూ 2013లో ఒకే పరిశోధన పత్రంలో అచ్చయ్యాయి.