నొప్పికి మాత్ర సరే.. కంటి పరీక్ష ఏదీ?

సినీ పరిశ్రమ హైదరాబాద్‌కు తరలిపోయినా, దాన్ని నమ్ముకుని కోడంబాక్కం చేరిన తెలుగు కుటుంబాలు కొన్ని అక్కడే ఉండిపోయాయి. నగరి, సూళ్లూరుపేట వైపు నుంచి వైద్యానికి చెన్నై వెళ్లేవాళ్లు ఆ బంధువుల ఇళ్లలోనే దిగుతుంటారు. జబ్బేమిటో నోరు విప్పి చెప్పుకోలేని ఆడవాళ్లూ వారిలో ఉంటారు. పొత్తికడుపులో ఎడతెగని నొప్పి, అరగంటకోసారి బాత్రూముకు పరుగు. మొదట 'వేడి చేసింది' అనుకుని బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు తాగుతారు. తర్వాత యాంటీబయాటిక్స్. కల్చర్ పరీక్షలో క్రిములు లేవని తేలినా అవే మందులు మళ్లీ మళ్లీ రాసేస్తుంటారు. ఇన్‌ఫెక్షనే లేనప్పుడు వాటితో ఒరిగేదేముంది? 'ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్' అన్న పేరు చెవిన పడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఈ నొప్పికి నోటిద్వారా వాడే పెంటోసాన్ పాలీసల్ఫేట్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 1996లో అనుమతించింది. వంద మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకు మూడు. గుణం తెలియాలంటే మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. అప్పటి ఒక పరీక్షలో ఈ మందు వాడినవాళ్లలో 38 శాతం మందికి నొప్పి సగానికి పైగా తగ్గింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలోనూ 18 శాతం మందికి తగ్గింది. 2015లో వెలువడిన పెద్ద పరీక్షలోనైతే రెండింటికీ తేడాయే కనిపించలేదు. అంటే ఇది కొందరికి ఊరటే తప్ప అందరికీ సంజీవని కాదు.

అసలు చిక్కు కంటితో. ఏళ్ల తరబడి ఈ మందు వాడినవారి రెటీనా దెబ్బతింటోందని 2018లో అట్లాంటాలోని ఎమోరీ వైద్యులు బయటపెట్టారు. 2020లో మందు లేబుల్‌పై హెచ్చరిక చేరింది. మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు రెటీనా పరీక్ష, ఆ తర్వాత మధ్యమధ్యలో మళ్లీ చేయించాలన్నది దాని సారాంశం. అక్షరాలు మసకబారినా, చీకట్లోకి వెళ్తే చూపు కుదురుకోకపోయినా డాక్టరుకు చెప్పాల్సిందే. మందు ఆపాక కూడా నష్టం ముదిరిన కేసులున్నాయి.

ఈ ముక్క రోగికి చెప్పేదెవరు? కోడంబాక్కం పక్క స్టేషన్ నుంగంబాక్కం. 1978లో పుట్టిన శంకర నేత్రాలయ ఉన్నది అక్కడే. దేశం నలుమూలల నుంచి కళ్ల కోసం అక్కడికొస్తారు. పక్క వీధుల్లో క్యాప్సూల్ మింగుతున్న మనిషికి మాత్రం కన్ను చూపించుకోవాలన్న సంగతే తెలియకపోతే అది రోగి తప్పు కాదు. మందుచీటీ మీద 'రెటీనా పరీక్ష' అని డాక్టరు ఒక్క మాట రాయాలి. దాని అర్థం తెలుగులో విడమరచి చెప్పాలి. చీటీ పాతదైతే మందుల షాపువాళ్లు అదే పనిగా అమ్మకూడదు. రోగులూ సొంతంగా మానేయకుండా, 'నా కన్ను ఎప్పుడు చూపించుకోవాలి సార్?' అని అడగాలి. పొత్తికడుపు నొప్పికి వెళ్లి చూపు పోగొట్టుకుని ఎవరూ ఊరికి తిరిగి రాకూడదు.