ప్యాకెట్ రెండైంది! మన దవడ ఒక్కటే!



అశోక్‌నగర్ మెస్సులో ఒక్కసారి పక్కవాడి కంచంలోకి చూడండి. పచ్చడి ముట్టడు. పప్పులో కూడా పెరుగు కలుపుకుంటాడు. కారం తగిలితే నోరు భగ్గుమంటుంది మరి! ఇడ్లీని గోళీలంత ముక్కలు చేసి లోపలికి తోస్తాడు. నోరు తెరుచుకోదు! ఇరవై నాలుగేళ్లవాడు! గ్రూప్-2 కోసం ఊళ్లో అరెకరం అమ్ముకుని వచ్చినవాడు! రాత్రి నిద్ర ఆపుకోవడానికని గుట్కా మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్యాకెట్ చింపనిదే పుస్తకం తెరవడు.

వాడెవరు? మనవాడే! చిక్కడపల్లి మార్కెట్లో మూటలు దించే హమాలీ మనవాడే. ఆకలి తెలియకుండా దవడన ఇంత పెట్టుకుని, నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర సవారీ కోసం కాచుకున్న ఆటో అన్న మనవాడే.

ఎక్కడిదీ ప్యాకెట్? 1973లో కాన్పూర్‌లో కొఠారీ కుటుంబం పాన్ పరాగ్ మొదలుపెట్టింది. వక్క, సున్నం, కాచు, సువాసన. మొదట డబ్బాల్లో అమ్మారు. డబ్బా కొనేవాళ్లు ఎందరు? చిన్న ప్యాకెట్ దించారు. చిల్లర ఉన్న ప్రతి జేబూ దొరికింది! దూరదర్శన్‌లో అశోక్ కుమార్, షమ్మీ కపూర్‌లతో పెళ్లి ప్రకటన వేశారు. మగపెళ్లివారికి మర్యాదంటే ఇదేనన్నట్టు! దానికే పొగాకు కలిపితే గుట్కా. పుణె వైపు నుంచి మాణిక్‌చంద్ దిగింది. ఫిల్మ్‌ఫేర్ అవార్డులకే ఆ పేరు తగిలించారు.

అసలు సంగతి ఇప్పుడు వినండి! మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు గుట్కా మీద అమ్మకం పన్ను వేసింది. కొఠారీ ప్రొడక్ట్స్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏమని? గుట్కా అంటే పొగాకే, దాని మీద రాష్ట్రం పన్ను వేయడానికి లేదని! 2000లో గెలిచింది కూడా. 2002లో ఆహార కల్తీ చట్టం కింద మన రాష్ట్రం గుట్కాను నిషేధించింది. గుట్కా కంపెనీలు మళ్లీ కోర్టుకెక్కాయి. ఈసారి ఏమన్నాయి? ఇది తిండి వస్తువే కాదు, ఆ చట్టం మాకు వర్తించదని! కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కానీ నిషేధించే అధికారం రాష్ట్రానికి లేదంటూ 2004లో ఉత్తర్వు కొట్టేసింది.

పన్ను కట్టమంటే పొగాకు! ఆపమంటే తిండి కాదు! టీవీ ప్రకటనల్లోనేమో అదే పేరుతో యాలకులు! మన నోట్లో మాత్రం పుండు!

2011లో కేంద్రం, తిండి వస్తువుల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని నిబంధన పెట్టింది. 2013 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం మళ్లీ నిషేధించింది. కంపెనీలు ఆగాయా? ప్యాకెట్‌ను రెండు చేశాయి! ఒకదాంట్లో పాన్ మసాలా, ఇంకోదాంట్లో పొగాకు. కలుపుకునే పని మన అరచేతికి అప్పజెప్పాయి! 2024 మేలో తెలంగాణ సర్కారు మరో ఏడాదికి నిషేధం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు మన గల్లీ దాకా ఎందుకు రాలేదు? ఎవరు ఆపారు?

ఉత్త మసాలాయే కదా, పొగాకు లేదుగా అంటారా? వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధకులు 2004లోనే తేల్చారు. బుగ్గ లోపలి పొర బిగుసుకుపోతుంది. బిగిసింది మళ్లీ మునుపటిలా సడలదు. ఆపైన రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి వరండా. ఊళ్లో అమ్మ పుస్తెలు తాకట్టు.

ఇవాళే అద్దం ముందు నిలబడండి! మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టడం లేదా? తెల్లమచ్చ ఉందా? మానని పుండు ఉందా? ఆగొద్దు! అఫ్జల్‌గంజ్‌లో సర్కారు దంత వైద్యశాల ఉంది. మానేయడానికి సాయం కావాలా? 1800-11-2356కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.

పాన్‌డబ్బా అన్నా! నీమీద మాకు పగలేదు. నీ ఇల్లూ రోజువారీ గల్లాతోనే గడవాలి, తెలుసు. కానీ బడికీ కాలేజీకీ వంద గజాల్లో పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. నారాయణగూడలో కాలేజీ తగలకుండా వంద గజాలు నడవగలమా? ఆ ప్యాకెట్ల దండలు నీ చేత్తోనే దించెయ్! నీ కొడుకూ ఇక్కడే చదువుతున్నాడు కదా!

ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు దగ్గర కలుద్దాం. డబ్బా డబ్బాకూ నడుద్దాం. అందరం సంతకాలు పెట్టి పోలీసులకూ, ఫుడ్ సేఫ్టీ అధికారులకూ ఫిర్యాదు ఇద్దాం. హాస్టల్ తమ్ముళ్లు రండి! మెస్ నడిపే అక్కలు రండి! హమాలీ అన్నలు, ఆటో అన్నలు రండి! జేబులో ప్యాకెట్ ఉన్నా సరే, రండి!